కాలివేలితో తర్పణం

తర్పణం విడిచేటప్పుడు నీళ్లు ఎటుపడితే అటు జారకూడదు. దేవతలకు వేళ్ల కొసల మీదుగా, ఋషులకు చిటికెనవేలి మొదటినుంచి, పితరులకు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనుంచి వదలాలి. ఆ నడిమి చోటు పితృతీర్థం. బొటనవేలి మొదట్లో అరచేతి కండ ఉన్న చోటు బ్రహ్మతీర్థం. ఆచమనంలో మినపగింజ మునిగేపాటి నీళ్లు దాని మీదుగానే లోపలికి పోతాయి. మనువు అరచేతిలో చూపించిన నాలుగు తీర్థాల్లో రెండు బొటనవేలిని ఆనుకునే ఉన్నాయి.

అంతర్వేదిలో మాఘమాసపు తీర్థం రోజుల్లో ఈ నీళ్ల దారిని దగ్గరినుంచి చూడొచ్చు. భీష్మ ఏకాదశి రథోత్సవం అయ్యాక, పౌర్ణమి సముద్రస్నానానికి వచ్చిన జనం వశిష్ఠ గోదావరి కడలిలో కలిసే చోట నీళ్లలో దిగి నిలబడతారు. పితృకార్యం ఉన్నవాళ్లు దక్షిణం తిరిగి, జంధ్యం ఉంటే జంధ్యాన్ని, లేకపోతే కండువాను కుడిభుజం మీదికి మార్చుకుంటారు. ఉంగరపువేలికి దర్భ పవిత్రం, అరచేతిలో నల్లనువ్వులు. చెయ్యి కుడిపక్కకు వంగుతుంది. బొటనవేలు చూపుడువేలికి కాస్త ఎడంగా జరిగి, నడుమ చర్మం సాగి, నీటికి చిన్న వాలు ఏర్పడుతుంది. ఒకటి రెండు నువ్వులు ఆ మడతలో ఇరుక్కుంటే బొటనవేలే కదిలి వాటిని తోసేస్తుంది. ఇంత చిన్న పనిలోనూ పెత్తనం దానిదే.

ఈ తీరంలో చేతులు దెబ్బతినే పనులకు కొదవలేదు. కొబ్బరికాయ ఒలిచే గునపం, పీచు తీసే మిషను, వల లాగే తాడు, రొయ్యల చెరువులో గిరగిరా తిరిగే ఏరేటరు రెక్క, రైసు మిల్లు బెల్టు, పండగ బాణసంచా. వీటిలో తాడు చేసే గాయం చెడ్డది. కత్తి అయితే వేలిని తెగ్గొడుతుంది. వేలికి మెలిపడ్డ తాడు దాన్ని ఊడబెరుకుతుంది. లోపలి నాళాలూ నాడులూ సాగి చిరిగిపోతాయి కాబట్టి అలాంటి వేలు దొరికినా అతికించడం కష్టం.

పీచు మిషనులో కుడిచేతి బొటనవేలు పోగొట్టుకున్న మనిషి ఒకడు, ఆ తర్వాత కాలివేలిని తీయించి చేతికి పెట్టించుకున్నవాడు, తండ్రి పేర తిలోదకం వదలడానికి ఈ సంగమానికి వచ్చాడనుకుందాం. పక్కవాళ్లలో ఒకరికి సందేహం వస్తుంది. కాలు పుస్తకానికి తగిలితే కళ్లకద్దుకునే జాతి మనది. కాలివేలి పక్కనుంచి పితరులకు నీళ్లా? ఆ సందేహాన్ని మూఢత్వమని కొట్టేస్తే పని తొందరగా అయిపోతుంది గానీ, సందేహపడ్డవాడికి సమాధానం దొరకదు. పైగా అడిగింది చిన్న ప్రశ్న కాదు. ఒక అంగం ఎవరిది, దేన్నిబట్టి ఎవరిదవుతుంది అన్నది వేదాంతులూ మీమాంసకులూ వందల ఏళ్లు తర్కించుకున్న సంగతి.

ముందు బొటనవేలు చేసే పని చూడాలి. చేతి పనిలో దాదాపు 40 శాతం దానిదేనని సర్జన్లు లెక్క కడతారు. తక్కిన నాలుగూ ఒకే వరసలో నిలబడి ఒకే వైపు ముడుచుకుంటాయి. ఇదొక్కటే వరస వదిలి పక్కకు వచ్చి, వాటికి ఎదురు తిరిగి, ఒక్కొక్కదాని కొసనూ తాకగలదు. పట్టు అనేది ఆ ఎదురు నిలబడడంలో పుడుతుంది. ద్రోణుడికి ఇది బాగా తెలుసు. ఏకలవ్యుడి కథను గురుభక్తికి ఉదాహరణగా చెప్పుకుని మనం ఆగిపోతాం గానీ, వ్యాసుడు ఆ తర్వాత ఇంకొక్క మాట చెప్పాడు: ఆ నిషాదుడు మిగిలిన వేళ్లతోనే నారి లాగాడట, బాణాలు వేశాడట, మునుపటి వేగం మాత్రం రాలేదట. విద్య ఉంది, గురి ఉంది, భక్తి ఉంది, వేగం పోయింది. గురువు అడిగింది ఎంత కొలిచి అడిగాడో ఆ ఒక్క మాటలో తెలుస్తుంది. నాకు ఆ కథలో ద్రోణుడి మీద గౌరవం ఎప్పుడూ కలగలేదు.

పోయిన వేలిని తిరిగి తెచ్చే ప్రయత్నం 19వ శతాబ్దం చివర ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో మొదలైంది. కార్ల్ నికొలదోని అనే సర్జన్ ఒక పిల్లవాడి చేతిని వాడి పాదానికే కట్టి, కాలి రెండో వేలు చేతికి అతుక్కునేదాకా కొన్ని వారాలు అలా ఉంచి, అప్పుడు పాదంనుంచి కోసి విడదీశాడు. ఇంత సన్నని నాళాలు కుట్టే విద్య అప్పటికి లేదు. ఆ విద్య 1960ల్లో మైక్రోస్కోపుతో వచ్చింది. 1965లో జపాన్‌లోని నారాలో కొమత్సు, తమాయి పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని తిరిగి అతికించారు. అమెరికాలో హారీ బంకీ కోతుల్లో కాలివేలిని చేతికి మార్చి చూపించాడు. 1966లో షాంఘైలో మనిషికి కాలి రెండో వేలిని, 1968లో ఇంగ్లండులో జాన్ కాబెట్ కాలి బొటనవేలిని చేతికి పెట్టారు. మన వైపు కోయంబత్తూరు గంగా ఆసుపత్రి ఈ పనిలో పేరు పొందింది.

పని ఇలా సాగుతుంది. కాలివేలిని దాని ఎముక, ధమని, సిర, నాడులు, కదిలించే తంతువులు అన్నిటితో కలిపి తీస్తారు. చేతిలో ఎముకను ఎముకకు బిగించి, తంతువును తంతువుకు కలిపి, మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఉండే రక్తనాళాల అంచుల్ని వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. అంతసేపూ నెత్తురు అడ్డం రాకుండా చేతికి పైన గాలిపట్టీ బిగించి ఉంటుంది. కుట్టడం అయ్యాక పట్టీ వదులుతారు, క్లిప్పులు తీస్తారు. వేలు పాలిపోయి మైనంలా ఉంటుంది. గదిలో అందరి కళ్లూ దాని మీదే. మొదట మొదలు దగ్గర రంగు మారుతుంది, ఆ ఎరుపు మెల్లగా కొసకు పాకుతుంది, గోరు కింద గులాబి రంగు తేలుతుంది. ఒక్కోసారి తేలదు. అప్పుడు కుట్లు విప్పి మళ్లీ మొదలు.

అంతర్వేది స్థలపురాణం అంతా ఈ నెత్తురు గొడవే. హిరణ్యాక్షుడి కొడుకు రక్తావలోచనుడు వశిష్ఠుడి నూరుగురు కొడుకుల్ని చంపాడు. నరసింహస్వామి చక్రం వేస్తే వాడి ఒంటినుంచి చిందిన నెత్తురు ఇసుకలో పడి, ఎన్ని రేణువులు తడిస్తే అంతమంది రాక్షసులు లేచారు. అదీ వాడి వరం. అప్పుడు స్వామి మాయాశక్తిని పిలిచాడు. ఆవిడ నాలుక చాపి నెత్తురు నేలను తాకనివ్వలేదు. ఆ తల్లే ఇక్కడి అశ్వరూఢాంబిక, ఊళ్లోవాళ్లకు గుర్రాలక్క. కథలో చక్రం ఎంత పని చేసిందో నాలుక అంత పని చేసింది. గాయం ఒకటే. అది మనసనే ఇసుకలో పడితే ఎన్ని రేణువులకు అన్ని ఆలోచనలు లేస్తాయి: నాకే ఎందుకు, ఇక బతుకెలా, ఎవరు చూస్తారు, ఎవరు నవ్వుతారు. వాటిని ఒక్కొక్కటిగా నరుక్కుంటూ పోయే సాధకుడు రక్తావలోచనుడితో మొదట చేసిన యుద్ధమే చేస్తున్నాడు. బొట్టు రేణువును తాకకముందే అందుకోవడం వేరే విద్య. దానికి పూజ వేరు, గుడి వేరు, పెట్టుకున్న పేరు కూడా ఇంట్లో మనిషి పేరే.

మళ్లీ కాలి సంగతికి. సుశ్రుతుడు నూట ఏడు మర్మాల్లో క్షిప్రమనే మర్మం చెప్పాడు. అది పాదంలో బొటనవేలికీ పక్కవేలికీ నడుమ ఉంది. చేతిలోనూ బొటనవేలికీ పక్కవేలికీ నడుమే ఉంది. పేరు ఒకటే, చోటు ఒకటే, ప్రమాదం ఒకటే. అక్కడ గాయమై నెత్తురు ఆగకపోతే ప్రాణం దక్కించడానికి చేతిని మణికట్టు దగ్గర, కాలిని చీలమండ దగ్గర తీసేయమంటాడాయన. అన్నీ మనవాళ్లే కనిపెట్టారని నేను చెప్పబోవడం లేదు. నాళాలు కుట్టడం ఆయనకు తెలియదు. కానీ ఆ చోటును ఆయన సరిగ్గా చూశాడు. ఈనాటి సర్జను కాలి బొటనవేలిని ప్రాణంతో తీయడానికి వెతుక్కునే ధమని పాదంలో ఆ సందులోంచే పోతుంది. చేతిలో అదే సందు గుండా మణికట్టు ధమని లోపలికి దిగుతుంది. చేతిలోని క్షిప్రమర్మం ఉన్నచోటే పితృతీర్థం. అంటే పితరులకు నీళ్లు జారే చోటుకు పాదంలో అచ్చంగా ఒక జోడీ ఉందని వైద్యశాస్త్రం ఒప్పుకుని చాలాకాలమైంది. కాలు వేరే జాతి, చెయ్యి వేరే జాతి అని మనం అనుకున్నంతగా శరీరం అనుకోలేదు.

అయినా ఇది పూర్తి సమాధానం కాదు. పోలిక ఉన్నంతమాత్రాన ఒకటి ఇంకొకటి అయిపోదు. స్పర్శ దగ్గర అసలు చిక్కు ఉంది.

తిమ్మిరెక్కిన బొటనవేలు ఉన్నా లేనట్టేనని సర్జన్లకు ఏనాడో తెలిసింది. స్పర్శ లేని వేలిని చెయ్యి పక్కన పెట్టేసి, మిగతావాటితో పని కానిచ్చుకుంటుంది. అందుకని 20వ శతాబ్దం నడుమ లిట్లర్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి ఒకటి వచ్చింది: ఉంగరపువేలి పక్కనుంచి చర్మపు తునకను దాని నాడితో, ధమనితో సహా తెంపకుండా అరచేతి లోపలినుంచి లాక్కొచ్చి బొటనవేలికి తొడుగుతారు. స్పర్శ వస్తుంది. కానీ వేడి కాఫీ గ్లాసు బొటనవేలికి తగిలితే చురుక్కుమన్నది ఉంగరపువేలికి! నాడి పాతదే కాబట్టి మెదడుకు పాత చిరునామానుంచే కబురు వెళ్తుంది. కొందరికి కాలం గడిచేకొద్దీ సర్దుకుంటుంది, చాలామందికి పూర్తిగా సర్దుకోదు.

అధ్యాసభాష్యం చదివినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. ఒకదాని ధర్మాన్ని ఇంకొకదాని మీద పెట్టి చూడడమే లోకవ్యవహారమంతా అంటాడు శంకరుడు. దేహం లావైతే నేను లావు అంటాం, కన్ను పోతే నేను గుడ్డి అంటాం. ఇక్కడ బొటనవేలి వేడిని ఉంగరపువేలు తన మీద వేసుకుంది. తేడా ఏమిటంటే, ఆపరేషన్ అయిన మనిషికి తన పొరపాటు కంటి ఎదుటే ఉంది: చూస్తే ఒక వేలు, తెలిసేది ఇంకో వేలు. మనకు ఆ అదృష్టం లేదు.

కాలివేలి విషయంలో ఇలా జరగదు. దాని నాడిని పాదంలోనే తెంపేస్తారు. చేతి మొండిలో మిగిలిన బొటనవేలి నాడి కొసకు దాన్ని కుడతారు. అక్కడినుంచి చేతి నాడి కొత్త వేలిలోకి పెరుగుతుంది, రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నెలలు పడుతుంది. అది కొసకు చేరిన రోజున వేలికి ఏది తగిలినా మెదడు బొటనవేలనే చెప్పుకుంటుంది. మాంసం కాలిది, చర్మం కాలిది, గోరు కాలిది. తెలివి మాత్రం చేతి బొటనవేలిది. ఎక్కడినుంచి వచ్చిందన్న జ్ఞాపకం మాంసంలో మిగలలేదు.

శ్రీభాష్యంలో రామానుజులు శరీరం అంటే ఏమిటో నిర్వచించిన చోటు ఇక్కడ పనికొస్తుంది. శరీరాన్ని ఆయన చేతులూ కాళ్లూ లెక్కపెట్టి చెప్పలేదు, తల్లిదండ్రులనుంచి పుట్టిందనీ చెప్పలేదు. ఒక చేతనుడు ఏ ద్రవ్యాన్ని తన ప్రయోజనం కోసం పూర్తిగా నియమించగలడో, ధరించగలడో, ఏది అతనికి శేషంగా ఉండడమే స్వభావంగా ఉంటుందో, అది అతని శరీరం. ఇంకొకరి కోసం ఉండడమే శేషత్వమని మీమాంసాసూత్రాల్లో జైమిని చెప్పిన లక్షణాన్ని ఆయన ఇక్కడ ఆత్మకూ దేహానికీ, ఆపైన భగవంతుడికీ జగత్తుకూ అన్వయించాడు. కాలివేలిని ఈ లక్షణంతో కొలిచి చూడండి. జీవుడు కదలమంటే కదులుతోందా, కదులుతోంది. జీవుడు ఉన్నంతకాలం నెత్తురు పారి నిలిచి ఉందా, ఉంది. అతని పనికోసమే ఉందా, నువ్వుగింజను తోయడానికి ఉంది. ఇక దాని పుట్టిల్లు అడగడమెందుకు? కర్రతోనో సిలికానుతోనో చేసి తగిలించుకునే వేలు మాత్రం ఈ పరీక్షలో నిలవదు. రాత్రి తీసి గూట్లో పెట్టినా అది అలాగే ఉంటుంది. జీవుడు దాన్ని ధరించడం లేదు, తొడుక్కున్నాడంతే.

స్మృతి కూడా తీర్థాలను చోటుతోనే చెప్పింది. బొటనవేలి మొదలు, వేళ్ల మొదలు, కొసలు, నడుమ. చాలా గాయాల్లో వేలు కణుపు దగ్గరో దానికి పైనో పోతుంది; అరచేతిలోని ఆ మూలభాగం మిగులుతుంది. ఆ లెక్కన ఈ మనిషికి బ్రహ్మతీర్థం ఏనాడూ పోలేదు. పితృతీర్థానికి ఒక గట్టు కూలింది, దాన్ని మళ్లీ కట్టారు.

కాలివేలి జోలికి పోని పద్ధతి కూడా ఒకటుంది. పుట్టుకతో బొటనవేలు లేని పిల్లలకు హాంబర్గులో బుక్ గ్రామ్కో అనే సర్జన్ మెరుగుపరిచి 1971లో ప్రకటించిన విధానం: చూపుడువేలినే బొటనవేలిగా మారుస్తారు. థాలిడోమైడ్ మందు వల్ల అవకరాలతో పుట్టిన పిల్లలు అక్కడ ఎంతోమంది. గాయాలకూ ఈ దారి అవసరమైనప్పుడు వాడతారు. చూపుడువేలి మూలపుటెముకలో చాలాభాగం తీసేసి, దాన్ని పొట్టి చేసి, వరసలోంచి తప్పించి, తన చుట్టూ తాను తిరిగి మిగతా మూడింటికీ ఎదురు నిలిచేలా బిగిస్తారు. చిన్ముద్రలో చూపుడువేలు జీవుడు, బొటనవేలు పరమాత్మ, మిగిలిన మూడూ గుణాలు అని చెప్పుకునే మనకు ఇది వినగానే ఒళ్లు పులకరించాలి. ఎదుటివాణ్ని ఎత్తి చూపడం తప్ప తెలియని వేలు తన పొడవు తగ్గించుకుని, దిశ మార్చుకుని, బొటనవేలి చోటికి చేరింది. అయితే పోలికను ఇంకా లాగితే తెగుతుంది: ఆ చేతితో ఇక చిన్ముద్ర పట్టడానికి పాత చూపుడువేలు లేదు, ముద్ర పట్టాలంటే నడిమివేలు వంగాలి. జీవుడు బ్రహ్మమైపోయాక ఇక ముద్ర ఎవరికోసమని అద్వైతి నవ్వుతాడేమో. విశిష్టాద్వైతి ఆ నడిమివేలినే ముద్దుపెట్టుకుంటాడు.

బొటనవేలంత పురుషుడు అని కఠోపనిషత్తు చెప్పిన మాటకు వద్దాం. హృదయంలో బొటనవేలంత ప్రమాణంతో ఉన్నవాడు, పొగలేని జ్యోతిలాంటివాడు, భూతభవిష్యాలకు ప్రభువు. సర్వవ్యాపి బొటనవేలంత ఎలా అవుతాడన్న ప్రశ్నకు బ్రహ్మసూత్రాల్లో ప్రమితాధికరణం ఉంది. హృదయాన్నిబట్టి ఆ కొలత చెప్పారు, శాస్త్రం మనుషులనుద్దేశించింది కనుక మనిషి హృదయం ప్రమాణం అని సూత్రం. ఏనుగు గుండె వేరు, చీమ గుండె వేరు. వాటికి ఈ ఉపదేశం లేదు. అంటే ఆ కొలత కూర్చున్నవాడిది కాదు, కూర్చున్న చోటిది. చేతి వేలు మిషనులో పోయిననాడు లోపలి కొలతలో గోరంతైనా తగ్గలేదు. కాలి బొటనవేలు చేతివేలి కన్నా లావుగా ఉంటుంది గనక సర్జన్లు ఒక్కోసారి దాన్ని చెక్కి సన్నం చేసి పెడతారు. పురుషుడు దానివల్ల లావెక్కనూ లేదు.

ఇప్పుడు కర్మ మాట. పితృకార్యానికి అధికారం ఉందా లేదా తేల్చేది వేదాంతి కాదు, మీమాంసకుడు. జైమిని తన సూత్రాల ఆరో అధ్యాయంలో ఈ ప్రశ్న నేరుగా వేసుకున్నాడు: అంగలోపం ఉన్నవాడికి యాగాధికారం ఉందా? పేదవాడి సంగతి చెప్పిన వెంటనే దీన్ని ఎత్తుకుని, ఇతనూ అలాంటివాడే అన్నాడు. పేదవాడు డబ్బు సంపాదించుకుని యాగం చేయవచ్చు. అంగలోపం ఉన్నవాడు వైద్యం చేయించుకుని చేయవచ్చు. నయం కాని లోపమైతే అధికారం లేదన్నాడు. కఠినమైన మాటే. కానీ గీత ఎక్కడ గీశాడో చూడండి. లోపం ఉందా లేదా అన్నచోట గీయలేదు, నయమవుతుందా కాదా అన్నచోట గీశాడు. ఆ గీతను జరిపే పని వైద్యుడి చేతిలో ఉంది. నారాలో 1965లో, షాంఘైలో 1966లో జరిగింది మీమాంసకుడి భాషలో చెప్పాలంటే అధికార విస్తరణ. నిన్నటిదాకా నయం కానిది నయమయ్యేదైంది.

ఆపరేషన్ స్తోమత లేనివాడి మాటేమిటి? వేలు దొరికినా దాన్ని తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసులో పెట్టి గంటల్లో సర్జను దగ్గరికి చేర్చాలి. సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్లకు గంటల విలువ తెలుసు. అలా కుదరనివాళ్లకు కూడా జైమిని దారి చూపించాడు. పైన చెప్పిన కఠినత్వం ఫలం కోరి చేసే కామ్యకర్మలకు. నిత్యకర్మకు, అన్ని అంగాలూ సమకూరకపోయినా, చేతనైనంత చేస్తే చాలునని అదే అధ్యాయంలో ఉంది. పితృతర్పణం నిత్యం. రెండు చేతుల దోసిలితో తర్పణం విడిచే ఆచారం ఉన్నదే. ఎడమచేతి బొటనవేలిని కుడిచేతి మొండి పక్కన ఆసరాగా పెట్టి, చూపుడువేలి పక్కనుంచి నీళ్లు వదిలితే కర్మ లోపించదని నా అభిప్రాయం. కాదనేవారు జైమినితో వాదించుకోవాలి.

కాలివేలు పెట్టించుకున్నవాడికి మాత్రం ఒక జాగ్రత్త చెప్పాలి. కొత్తవేలు చలికి ఓర్చుకోదు. మొదటి ఏళ్లలో చన్నీళ్లు తగిలితే జివ్వుమని లాగుతుంది. నాడి పూర్తిగా పెరగకపోతే వేడి, రాపిడి తెలియవు కూడా. మాఘమాసపు తెల్లవారుజామున స్నానానికి వచ్చాడు గదా అని పురోహితుడు అప్పుడే సంకల్పం చెప్పించి నీళ్లలో నిలబెట్టకూడదు. శ్రాద్ధకర్మకు శాస్త్రం చెప్పిన వేళ ఎలాగూ మధ్యాహ్నమే. ఎండెక్కి ఇసుక కాస్త వెచ్చబడ్డాక దింపితే వేలికీ మంచిది, శాస్త్రానికీ సరిపోతుంది.